పాతకాలపు కారుకు ఆధునిక ఏబీఎస్: దాత కారు ఎంపిక నుంచి చివరి పరీక్ష దాకా

తడిసిన రోడ్డు మీద పాత కారు బ్రేకును గట్టిగా తొక్కితే ముందు చక్రాలు బిగుసుకుపోతాయి. ఆ తర్వాత స్టీరింగును ఎటు తిప్పినా కారు తాను పోతున్న దారినే జారుతూ పోతుంది. ఈ అనుభవం ఒక్కసారి ఎదురైనవారికి యాంటీ-లాక్ బ్రేకులు, అంటే ఏబీఎస్, ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. వాటిని ఎలా అమర్చాలన్నదే ప్రశ్న. ఒక మాడ్యులేటరును, అంటే బ్రేకు ద్రవపు ఒత్తిడిని మార్చే వాల్వులూ పంపూ ఉన్న పెట్టెను తెచ్చి, పెడల్ నొక్కుడును ద్రవపు ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండరుకూ చక్రాలకూ మధ్య పైపుల్లో కలిపేస్తే పని అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఈ పనిలో తేలికైన భాగం. ఏబీఎస్ అనేది ఒక నిర్దిష్టమైన కారు బరువును, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరాన్ని, టైర్ల కొలతను, కాలిపర్ల (బ్రేకు డిస్కును నొక్కిపట్టే భాగాల) పరిమాణాన్ని బట్టి తయారీదారు నెలల తరబడి సరిచూసి లెక్కలు కట్టిన కంప్యూటరు. ఏ కారు నుంచి ఈ భాగాలు తీసుకుంటామో దాన్ని దాత కారు అంటాను. మన కారులోకి వచ్చాక కూడా ఆ కంప్యూటరు పుట్టింట్లోనే ఉన్నానని అనుకోవాలి. మెట్టినింటికి వచ్చిన సంగతి దానికి తెలియకూడదు. కింద చెప్పే ప్రతి పనీ ఆ నమ్మకాన్ని నిలబెట్టడానికే.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. విమానాల కోసం డన్‌లప్ రూపొందించిన మాక్సరెట్ యంత్రాంగం 1966లో జెన్సన్ ఎఫ్ఎఫ్ కారులోకి వచ్చింది. 1971లో క్రైస్లర్ తన ఇంపీరియల్ కారులో నాలుగు చక్రాలకూ సెన్సర్లున్న ఎలక్ట్రానిక్ ఏర్పాటును ఇచ్చింది. 1978లో బాష్ సంస్థ ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో వచ్చాకే ఈనాటి పద్ధతి స్థిరపడింది. అయితే ఆ తొలితరం భాగాలను వెతికి తెచ్చి అమర్చాలని ఎవరూ ప్రయత్నించకూడదు. అవి దొరకడమే కష్టం, దొరికినా వాటి లోపలి రబ్బరు సీళ్లను, ఎలక్ట్రానిక్స్‌ను నమ్మలేము.

ముందు ఉన్న బ్రేకులను చక్కదిద్దుకోవాలి

ఏబీఎస్ బ్రేకు బలాన్ని పెంచదు. డ్రైవరు పాదం పుట్టించిన ఒత్తిడిని అవసరమైనచోట ఆపుతుంది, తగ్గిస్తుంది, తిరిగి చేరనిస్తుంది, అంతే. కాబట్టి పొడి రోడ్డు మీద చక్రాలను బిగబట్టగలిగేంత బలం మామూలు బ్రేకుకే లేకపోతే, ఆ కారులో ఏబీఎస్ తడి రోడ్డు మీద మాత్రమే అప్పుడప్పుడు మేల్కొంటుంది. మొదట ఎవరూ లేని మూసిన స్థలంలో ఈ సంగతి తేల్చుకోవాలి. బూస్టరు, అంటే ఇంజను వాక్యూమ్ సాయంతో పాదపు బలాన్ని పెంచే భాగం, లేని కారైతే ఒకటి అమర్చడం దాదాపు తప్పనిసరి. ఇంజనుకు వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే రకం క్యామ్‌షాఫ్టు వేసి ఉంటే, ఐడిల్‌లో బూస్టరుకు చాలినంత వాక్యూమ్ అందుతోందో లేదో గేజీతో చూసుకోవాలి. పాత కార్లలో బ్రేకు పైపు మధ్యలో విడిగా కూర్చోబెట్టిన రిమోట్ సర్వోలు కొన్ని కనిపిస్తాయి. ఒకే సర్క్యూట్ కోసం చేసిన ఆ సర్వోను తీసేసి, పెడల్‌కు నేరుగా తగిలే బూస్టరును పెట్టడమే మేలు.

మాస్టర్ సిలిండరు ఒకే గదితో పనిచేసేదైతే ఇక అక్కడే ఆగి ఆలోచించాలి. ఏబీఎస్ మాడ్యులేటరుకు రెండు వేర్వేరు సర్క్యూట్ల నుంచి ద్రవం అందాలి. అంటే టాండెమ్ మాస్టర్ సిలిండరు కావాలి. ఆ టాండెమ్ కూడా ఏదో ఒకటి సరిపోదు. పాత రకం సిలిండరు గోడలో రిజర్వాయరుకు దారితీసే సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది, పిస్టను రబ్బరు కప్పు దాని మీదుగా జరిగి దాన్ని మూసినప్పుడే ఒత్తిడి మొదలవుతుంది. ఏబీఎస్ పనిచేసేటప్పుడు పంపు ద్రవాన్ని వెనక్కి తోస్తుంది, దాంతో పిస్టను ఒత్తిడి మీద ఉండగానే ముందుకూ వెనక్కీ ఊగుతుంది; ఆ ఊగులాటలో రబ్బరు కప్పు అంచు రంధ్రంలోకి ఒరుసుకుని కొద్దికొద్దిగా తెగిపోతుంది. అందుకే ఏబీఎస్ కోసం చేసిన సిలిండర్లలో ఆ రంధ్రానికి బదులు పిస్టను మధ్యలో వాల్వు ఉంటుంది, లేదా రంధ్రమున్నా కప్పు దెబ్బతినని మరో నిర్మాణం ఉంటుంది. దాత కారు మాస్టర్ సిలిండరును కూడా తెచ్చుకోమని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

సిలిండరు బోరు మారితే పెడల్ బరువు మారుతుందని మరచిపోకూడదు. 19.05 మి.మీ. బోరు స్థానంలో 22.2 మి.మీ. బోరు పెడితే పిస్టను వైశాల్యం దాదాపు 36 శాతం పెరుగుతుంది, అదే ఒత్తిడి కోసం కాలు కూడా అంత ఎక్కువగా నొక్కాలి. బూస్టరూ సిలిండరూ ఒకే దాత నుంచి వస్తే ఈ లెక్క చాలావరకు దానంతట అదే కుదురుతుంది.

ముందు చక్రాలకు డిస్కులు ఉండాలి. వెనుక డ్రమ్ములు ఉన్నా ఫరవాలేదు, డ్రమ్ములతోనే ఏబీఎస్ చక్కగా నడిచిన కార్లు ఎన్నో ఉన్నాయి. ముందు డ్రమ్ముల సంగతి వేరు: షూలు తమను తామే లోపలికి లాక్కునే స్వభావం వల్ల ఒత్తిడి తగ్గించిన వెంటనే పట్టు వదలవు, ఆ ఆలస్యాన్ని కంప్యూటరు లెక్క ఊహించలేదు. డ్రమ్ములను డిస్కులుగా మార్చినప్పుడు పాత మాస్టర్ సిలిండరులో ఉండే అవశేష ఒత్తిడి వాల్వును ఆ సర్క్యూట్‌లో మిగల్చకూడదు, మిగిలితే డిస్కు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది.

దాత కారును ఎంచుకోవడం

తప్పు జరిగితే సాధారణంగా ఇక్కడే జరుగుతుంది. చౌకగా దొరికిన మాడ్యులేటరును ముందే కొని, దానికి తగినట్టు కారును వంచాలని చూడటం కంటే, మన కారు కొలతలు ముందు కాగితం మీద రాసుకుని వాటికి దగ్గరగా ఉన్న దాతను వెతకడం తెలివైన పని. బరువు, ఆ బరువు ముందు వెనుకల మధ్య పంచుకునే తీరు, ఇరుసుల మధ్య దూరం, ఇంజను తిప్పే చక్రాలు ముందువా వెనుకవా అన్నది, కాలిపర్ పిస్టన్ల వ్యాసం: ఈ ఐదూ దగ్గరగా ఉంటే మిగిలినవాటిని సర్దుకోవచ్చు. ఇరుసుల మధ్య దూరానికి ఎందుకంత విలువ అంటే, ఒక పక్క తడి, మరో పక్క పొడి ఉన్న రోడ్డు మీద బ్రేకు పడినప్పుడు కారు గిర్రున తిరగకుండా, పొడిగా ఉన్న పక్క ముందు చక్రపు ఒత్తిడిని కంప్యూటరు కావాలనే కాస్త నెమ్మదిగా పెంచుతుంది. ఆ నెమ్మది దాత కారు పొడవుకు లెక్కించినది. పొట్టి కారు అంతకంటే త్వరగా తిరుగుతుంది, డ్రైవరు స్టీరింగును సరిచేసుకునే వ్యవధి ఇవ్వదు.

సర్క్యూట్లు విడిపోయే తీరు కూడా కలవాలి. కొన్ని కార్లలో ముందు రెండు చక్రాలూ ఒక సర్క్యూట్, వెనుకవి మరో సర్క్యూట్; ఇంకొన్నింటిలో ఒక ముందు చక్రమూ దానికి ఎదురుమూలన ఉన్న వెనుక చక్రమూ కలిసి ఒక సర్క్యూట్. ముందు చక్రాలతో నడిచే కార్ల మాడ్యులేటర్లు ఎక్కువగా ఈ రెండో రకానివి. 1972లో వచ్చిన ఆడి 80 వంటి కార్లు ఆ మూలల పద్ధతికి తోడుగా ముందు చక్రాల స్టీరింగు కోణాలను మార్చి, ఒక సర్క్యూట్ చెడినా స్టీరింగు పక్కకు లాగకుండా చేశాయి. చాలా పాత కార్ల స్టీరింగుకు ఆ గుణం లేదు; ఒక ముందు చక్రం మాత్రమే పట్టితే స్టీరింగు చేతుల్లోంచి గుంజుకుంటుంది. కాబట్టి పాత కారుకు ముందు-వెనుక విభజన ఉన్న దాతనే నేను ఎంచుకుంటాను.

వెనుక ఒకే గట్టి ఇరుసు ఉన్న కారుకు మూడు ఛానెళ్ల మాడ్యులేటరు బాగా కుదురుతుంది. అందులో ముందు చక్రాలకు చెరొక ఛానెల్, వెనుక రెండింటికీ కలిపి ఒకటే. వెనుక ఏ చక్రం ముందుగా జారబోతే దాని ప్రకారమే రెండింటి ఒత్తిడీ తగ్గుతుంది. పాత కారులో వెనక్కి పోయే ఒక్క పైపు, ఇరుసు మీద టీ-జాయింటు, ఒకే రబ్బరు గొట్టం ఉన్నవి ఉన్నట్టే ఉండవచ్చు. నాలుగు ఛానెళ్లదైతే రెండు పైపులూ రెండు గొట్టాలూ కొత్తగా వేయాలి.

ఏ తరానిది తీసుకోవాలి అన్న ప్రశ్నకు నా సమాధానం: వాహన స్థిరత్వ నియంత్రణ లేని, కేవలం ఏబీఎస్ మాత్రమే ఉన్న ఆఖరి తరానిది. స్థిరత్వ నియంత్రణ ఉన్న యూనిట్లు స్టీరింగు ఎంత తిరిగిందో, కారు ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే సెన్సర్ల కోసం ఎదురుచూస్తాయి. ఇంజను కంప్యూటరుతో క్యాన్ వైర్ల మీద మాట్లాడాలని చూస్తాయి. అవి లేకపోతే లోపం నమోదు చేసి కూర్చుంటాయి. బీఎండబ్ల్యూ ఈ46లో వచ్చిన టెవెస్ ఎంకే60 యూనిట్‌కు ఔత్సాహికుల్లో మంచి పేరున్న మాట నిజమే, కానీ దాన్ని వేరే కారులో నిలబెట్టడానికి కోడింగు తెలిసినవారు తోడుండాలి. బాష్ మోటార్‌స్పోర్ట్ విభాగం కిట్లను కారుకు తగినట్టు సర్దుకునే వీలుంది. అవి రేసు ట్రాక్ కోసం ఉద్దేశించినవి, ఖరీదైనవి.

తెచ్చుకునేటప్పుడు మాడ్యులేటరుతో పాటు దాని రబ్బరు మౌంట్లు, ఇనుప పట్టీ, నాలుగు సెన్సర్లు, వాటి పళ్ల రింగులు, మాస్టర్ సిలిండరు, బూస్టరు, బ్రేకు పెడల్ స్విచ్చి అన్నీ ఒకే కారు నుంచి రావాలి. కనెక్టరును మొదట్లోనే కోయకుండా దాని వైర్లను వీలైనంత పొడవు ఉంచి కత్తిరించాలి. వైర్ల రంగులు ఉన్న సర్క్యూట్ చిత్రాన్ని అదే సంవత్సరపు మోడలుకు సంపాదించాలి. మాడ్యులేటరు పైపు రంధ్రాలకు వెంటనే మూతలు పెట్టాలి; లోపల ద్రవం నిలిచి ఉన్న యూనిట్‌ను బ్లీడ్ చేయడం, అంటే అందులోని గాలిని బయటికి తీయడం, ఎండిపోయినదాన్ని బ్లీడ్ చేయడం కంటే ఎంతో తేలిక.

చక్రం చెప్పే మాట

కంప్యూటరుకు కళ్లు లేవు, చక్రాల దగ్గర నుంచి వచ్చే తరంగాలే దానికి లోకం. హబ్‌తో పాటు తిరిగే పళ్ల రింగు, దాని ఎదుట కదలకుండా నిలబడే సెన్సరు ఆ తరంగాలను పుట్టిస్తాయి. సెన్సర్లు రెండు రకాలు. పాత రకంలో అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట ఉంటాయి. పన్ను దగ్గరకు వచ్చి దూరమైనప్పుడల్లా ఏసీ వోల్టేజి పుడుతుంది, చక్రం ఎంత వేగంగా తిరిగితే అంత బలంగా పుడుతుంది. చాలా వాటిలో తీగచుట్ట నిరోధం 800 నుంచి 2,000 ఓముల మధ్య కనిపిస్తుంది. కొత్త రకం సెన్సరుకు కంప్యూటరే కరెంటు ఇస్తుంది. అది ఆ కరెంటును 7, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య మారుస్తూ జవాబు చెబుతుంది, చక్రం దాదాపు ఆగిపోయేదాకా చదవగలుగుతుంది. దాన్ని ఓమ్ మీటరుతో పరీక్షించకూడదు, పాడయ్యే ప్రమాదముంది. రెండింటికీ వైర్లు రెండే కాబట్టి ఒకదాని బదులు మరొకటి పెట్టవచ్చనిపిస్తుంది, ఎంతమాత్రమూ కుదరదు.

పళ్ల సంఖ్య విషయంలో రాజీ లేదు. దాతకు ఒక్కో రింగుకు 48 పళ్లు ఉంటే మనమూ 48 పళ్లే ఇవ్వాలి. టైర్ల తేడాను కాస్త భరించవచ్చు. ఉదాహరణకు దాతకు 205/55ఆర్16 టైర్లున్నాయనుకుందాం. వాటి చుట్టుకొలత లెక్క ప్రకారం సుమారు 1.985 మీటర్లు, గంటకు 100 కి.మీ. వేగంలో 48 పళ్ల రింగు సెకనుకు దాదాపు 670 తరంగాలు పంపుతుంది. మన కారుకు 165/80ఆర్13 టైర్లుంటే చుట్టుకొలత సుమారు 1.867 మీటర్లు, తరంగాలు దాదాపు 715. అంటే కంప్యూటరు వేగాన్ని ఆరు శాతానికి కాస్త పైన ఎక్కువగా అనుకుంటుంది. నాలుగు చక్రాలూ ఒకే రీతిలో ఎక్కువ చెబుతున్నాయి కాబట్టి వాటి మధ్య పోలిక చెడదు. కానీ ముందు రింగుకు 48 పళ్లు, దొరికింది కదా అని వెనుక రింగుకు 44 పళ్లు పెడితే, వెనుక చక్రాలు ఎప్పుడూ ఎనిమిది శాతం జారుతున్నట్టే కనిపిస్తాయి. టైరు అత్యధిక పట్టు ఇచ్చేదే పది నుంచి ఇరవై శాతం జారుడు మధ్య. అందులో సగం దాకా అబద్ధంతోనే నిండిపోతే కంప్యూటరు వెనుక బ్రేకులను అకారణంగా వదిలేస్తుంది, లేదా చక్రాల వేగాలు కలవడం లేదని దీపం వెలిగించి పక్కకు తప్పుకుంటుంది. ముందూ వెనుకా వేర్వేరు కొలతల టైర్లు వేసినా ఇదే గొడవ వస్తుంది.

రింగును కొత్తగా చేయించాలంటే మామూలు మైల్డ్ స్టీలుతోనే చేయించాలి. అల్యూమినియం పనికిరాదు, 304 రకం స్టెయిన్‌లెస్‌కు అయస్కాంత గుణం లేదు కాబట్టి దానితోనూ తరంగం పుట్టదు. హబ్ మీద రింగు కూర్చునే చోటును లేతులో చక్కగా కోసి, రింగు లోపలి వ్యాసాన్ని అంతకంటే కొంచెం తక్కువగా ఉంచాలి. 100 మి.మీ. వ్యాసానికి 0.1 మి.మీ. తేడా చాలు. రింగును 200 డిగ్రీల దాకా వేడి చేస్తే ఆ వ్యాసం 0.2 మి.మీ. వరకు పెరుగుతుంది, గట్టి చేతి తొడుగులతో పట్టుకుని ఒక్క కదలికలో కిందిదాకా జారవిడవాలి. మధ్యలో తడబడితే అది వంకరగా పట్టేస్తుంది, ఇక దాన్ని కోసి తీయడం తప్ప దారి ఉండదు. వేడి ఎక్కించి గట్టిపరచిన డ్రైవ్ షాఫ్టు మీద రింగును వెల్డింగు చేయడం నేను ఒప్పుకోను, వెల్డు వేడి ఆ షాఫ్టు బలాన్నే తినేస్తుంది.

సెన్సరు పట్టీని పిడికిలితో గట్టిగా నొక్కినా వంగనంత దృఢంగా చేయాలి. సెన్సరు ముక్కుకూ పన్ను శిఖరానికీ మధ్య సందు సాధారణంగా 0.5 నుంచి 1 మి.మీ.; దాత కారు మాన్యువల్‌లో ఉన్న సంఖ్యకే కట్టుబడాలి. పాత కార్ల ముందు హబ్‌లలో ఉండే టేపర్ రోలర్ బేరింగులకు మనమే సర్దే ఆట (కొద్దిపాటి వదులు) ఒకటి ఉంటుంది. ఆ ఆట ఎక్కువైతే మలుపులో హబ్ ఒరిగి సందు మారుతుంది. కాబట్టి ముందు బేరింగును సర్ది, ఆ తర్వాతే సందును కొలవాలి. ఫీలర్ గేజీని ఒక్క చోట కాక, చక్రాన్ని పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల పెట్టి చూడాలి.

ఈ చివరి మాటను నేను నా కారులో అశ్రద్ధ చేశాను. కుడి ముందు సందును ఒక్క చోట 0.8 మి.మీ. అని కొలిచి సంతోషించాను. కారు బాగానే నడిచింది, దీపం వెలగలేదు. కానీ కూడలి దగ్గర మెల్లగా ఆగేటప్పుడు, ఇక రెండు మూడు మీటర్లే ఉందనగా, పెడల్ కాలి కింద గడగడలాడి, కారు ఆగడం మాని ముందుకు పాకేది. జారుడు లేని పొడి రోడ్డు మీద, నడక వేగంలో! రింగును డయల్ గేజీతో చూస్తే అర మిల్లీమీటరుకు పైగా వంకర ఉంది. ఒక వైపున సందు 1.4 మి.మీ. దాకా పోతోంది. వేగం తగ్గేకొద్దీ ఆ సెన్సరు వోల్టేజి మిగిలినవాటికంటే ముందే మాయమయ్యేది, చక్రం బిగుసుకుపోయిందని కంప్యూటరు అనుకునేది, బ్రేకు వదిలేసేది. రింగును తీసి, కూర్చునే చోటును మళ్లీ లేతు పట్టించి, సందును చుట్టంతా 0.7 మి.మీ.కు తెచ్చాక ఆ పాకుడు పోయింది. లోపాల జాబితాలో ఒక్క కోడ్ కూడా నమోదు కాని లోపం అది.

ఇరుసును జాకీ మీద లేపి, చక్రాన్ని చేత్తో సెకనుకు సుమారు ఒక చుట్టు తిప్పుతూ, మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి పాత రకం సెన్సరును చూడవచ్చు. 0.1 వోల్టు కూడా రాకపోతే సందునో సెన్సరునో అనుమానించాలి. ఆసిలోస్కోపు ఉంటే ఇంకా మంచిది. ఒక చుట్టులో తరంగాల ఎత్తు ఉబ్బి తగ్గుతుంటే రింగు వంకర కంటికి కనిపిస్తుంది.

పైపులు

మాడ్యులేటరును మాస్టర్ సిలిండరుకు దగ్గరగా, ఎగ్జాస్టుకు దూరంగా, దాత కారులో ఏ వాలుతో ఉందో అదే వాలుతో, దాని రబ్బరు మౌంట్ల మీదే నిలపాలి. పంపు మోటారు అదురుతుంది. నేరుగా రేకుకు బిగిస్తే కారంతా మోగుతుంది. రాగి-నికెల్ మిశ్రమపు 4.75 మి.మీ. పైపు చేత్తో చక్కగా వంగుతుంది, తుప్పు పట్టదు. కొన్ని యూనిట్లకు మాస్టర్ సిలిండరు నుంచి వచ్చే పైపులు ఇంకా లావుగా, 6 మి.మీ.వి ఉంటాయి, వాటిని సన్నవాటితో భర్తీ చేయకూడదు.

ప్రాణం మీదకు తెచ్చే చిన్న సంగతి నట్ల మరల దగ్గర ఉంది. పాత కార్లలో చాలావాటికి అంగుళాల మర, అంటే 3/8-24 యూఎన్ఎఫ్ నట్లు. ఆధునిక మాడ్యులేటరుకు ఎం10×1 రంధ్రాలు. 3/8 అంగుళం అంటే 9.525 మి.మీ., అందువల్ల ఆ నట్టు 10 మి.మీ. రంధ్రంలోకి వేళ్లతోనే హాయిగా దిగుతుంది, స్పానరుకు కొంత బిగుసుకున్నట్టు కూడా అనిపిస్తుంది. పట్టుకున్నది మాత్రం మర అంచులనే. గట్టిగా బ్రేకు తొక్కిన రోజున అది ఊడి రావచ్చు. వేళ్లతో దించినప్పుడు నట్టు అటూ ఇటూ కదులుతుంటే అది తప్పు నట్టు. పైపు చివరను వెడల్పు చేసి మడిచే ఫ్లేరులోనూ ఇదే తేడా: పాతవాటికి ఎక్కువగా రెండు మడతల ఫ్లేరు, కొత్తవాటికి బుడగ ఆకారపు ఫ్లేరు. ఒకే పైపుకు ఒక చివర ఒకటి, మరో చివర మరొకటి చేయడం మామూలే. వలయాన్ని నొక్కి పట్టే కంప్రెషన్ జాయింట్లకు బ్రేకులో చోటు లేదు. ముసలి రబ్బరు గొట్టాలను ఈ సందర్భంగానే మార్చేయాలి, అవి ఉబ్బితే ఏబీఎస్ ఒత్తిడి ఎగుడుదిగుళ్లను మింగేస్తాయి.

వెనుక ఒత్తిడిని తగ్గించే వాల్వు గురించి ఒక నిర్ణయం తీసుకోవాలి. దాత కారులో ముందు వెనుకల మధ్య బ్రేకు పంపకాన్ని కంప్యూటరే చూసేదైతే ఆ కారులో విడి వాల్వు ఉండదు. మన కారులో ఉన్న వాల్వును తీసేస్తే, ఎప్పుడైనా ఫ్యూజు పోయినప్పుడు తేలికైన వెనుక భాగానికి పూర్తి ఒత్తిడి పోయి వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటాయి, కారు తోక తిప్పుతుంది. అందుకే నేను పాత వాల్వును ఉంచేస్తాను. కొంత వెనుక బ్రేకు పోగొట్టుకున్నా ఫరవాలేదు. నాలుగు ఛానెళ్ల యూనిట్‌లో వెనక్కి పోయే దారి రెండుగా చీలుతుంది కాబట్టి, ఒకే వాల్వు ఉంటే దాన్ని మాడ్యులేటరుకు ముందే పెట్టాలి.

కరెంటు

ఆరు వోల్టుల బ్యాటరీ, డైనమో, బాడీకి పాజిటివ్ ఎర్తు: ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు దాన్ని మార్చాలి. ఏబీఎస్‌కు 12 వోల్టులు, నెగటివ్ ఎర్తు, ఐడిల్‌లో కూడా ఛార్జి ఇచ్చే ఆల్టర్నేటరు కావాలి. పంపు మోటారుకూ వాల్వులకూ బ్యాటరీ నుంచి నేరుగా రెండు వేర్వేరు లావు వైర్లు, వాటికి దాత కారులో ఉన్నంతే ఫ్యూజులు, మామూలుగా పంపుకు 30 లేదా 40 ఆంపియర్లది, వాల్వులకు 20 నుంచి 30 ఆంపియర్లది, బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. ఎర్తు వైరును రంగు గీకిన రేకుకు కాక, ఇంజనుకూ బాడీకీ కలిపే ప్రధాన ఎర్తు బిందువుకు తీసుకెళ్లాలి. వోల్టేజి కాస్త కుంగితే కంప్యూటరు ముందు జాగ్రత్తగా తానే తప్పుకుంటుంది.

సెన్సరు వైర్లు జంటగా మెలితిరిగి ఉండాలి, స్పార్కు ప్లగ్గు వైర్లకు దూరంగా నడవాలి. రాగి తీగ ఉన్న పాత ప్లగ్గు వైర్లు, ఇగ్నిషన్ పాయింట్లు కలిసి పుట్టించే అలజడిని చిన్న సెన్సరు తరంగం తట్టుకోలేదు. నిరోధం ఉన్న ప్లగ్గు వైర్లు వేస్తే సరిపోతుంది. ద్రవపు ఒత్తిడితో పనిచేసే పాత బ్రేకు దీపం స్విచ్చి ఆలస్యంగా కలుస్తుంది కాబట్టి పెడల్ స్విచ్చి పెట్టాలి. హెచ్చరిక దీపం డ్యాష్‌బోర్డు అందాన్ని చెడగొడుతుందని మానేయడం మాత్రం క్షమించరానిది. అది తాళం తిప్పగానే వెలిగి కొద్ది క్షణాలకు ఆరాలి. ఆ ఆరడమే యూనిట్ తనను తాను పరీక్షించుకుందనడానికి గుర్తు. డయాగ్నోస్టిక్ సాకెట్‌ను కూడా వైరింగులో భాగంగా తెచ్చి ఏ మూలనో దాచి పెట్టాలి. అది లేకపోతే తర్వాతి పనులేవీ సాగవు.

ద్రవం నింపడం

పెయింటును పాడు చేయదని పాత కార్ల యజమానులు సిలికాన్ రకపు డాట్ 5 ద్రవాన్ని ఇష్టపడతారు. ఏబీఎస్‌తో దాన్ని వాడకూడదు. అది గాలి బుడగలను పట్టి ఉంచుతుంది, పంపు చిలికితే నురగ వచ్చి పెడల్ మెత్తబడుతుంది. గ్లైకాల్ ఆధారిత డాట్ 4 ద్రవం వాడాలి, దాత కారు పల్చటి రకాన్ని అడిగితే దాన్నే ఇవ్వాలి. మామూలు డాట్ 4కు మైనస్ 40 డిగ్రీల వద్ద చిక్కదనం 1,800 యూనిట్ల వరకు ఉండవచ్చు, పల్చటి రకానికి 750 దాటకూడదు. చలిలో వాల్వులు చురుకుగా కదలాలంటే ఈ తేడా ముఖ్యం. ఇంతకుముందు సిలికాన్ వాడిన కారైతే పైపులు, సీళ్లు, గొట్టాలు అన్నీ మార్చాల్సిందే.

మొదట మామూలుగా, మాన్యువల్ చెప్పిన వరుసలో బ్లీడ్ చేయాలి. ఆ తర్వాత స్కాన్ పరికరంతో పంపునూ వాల్వులనూ నడిపిస్తూ మరోసారి చేయాలి. వాల్వుల వెనుక గదుల్లో దాక్కున్న గాలి మామూలు బ్లీడింగుకు బయటికి రాదు.

రోడ్డెక్కే ముందు

కారును నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి చేసే ఒక పరీక్షను ఎంత తొందరలోనూ దాటవేయకూడదు. స్కాన్ పరికరంలో చక్రాల వేగాలు చూస్తూ ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పాలి: ఎడమ ముందు తిప్పితే ఎడమ ముందు సంఖ్యే కదలాలి. తర్వాత ఒకరు పెడల్ నొక్కి పట్టుకోగా, పరికరంతో ఒక్కో ఛానెల్ ఒత్తిడిని వదిలించాలి. ఆ ఒక్క చక్రమే చేతికి తిరగాలి, మిగిలినవి బిగుసుకునే ఉండాలి. వెనుక ఒకే ఛానెల్ ఉన్న యూనిట్‌లో వెనుక రెండూ కలిసి తిరగాలి. పైపులు ఎడమ కుడి మారి ఉంటే ఇది ఇక్కడే బయటపడుతుంది. బయటపడకపోతే, ఎడమ చక్రం జారుతుంటే కంప్యూటరు కుడి చక్రాన్ని వదులుతుంది, జారే చక్రం జారుతూనే ఉంటుంది, పట్టు ఉన్న చక్రం పట్టు వదిలేస్తుంది. మామూలు డ్రైవింగులో ఈ తప్పు నెలల పాటు కనిపించకుండా ఉండగలదు.

అది నెగ్గాక, వేరే బండ్లు రాని ప్రైవేటు స్థలంలో నేలను తడిపి, మొదట గంటకు 20 కి.మీ. వేగంలో, తర్వాత 30, 50లలో పూర్తిగా తొక్కి ఆపాలి. పెడల్ కొట్టుకోవాలి, స్టీరింగు మాట వినాలి, కారు గీత తప్పకూడదు. తర్వాత ఏబీఎస్ ఫ్యూజు తీసి అవే ఆగుళ్లను తక్కువ వేగంలో చేసి, యూనిట్ చచ్చినప్పుడు కారు ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవాలి. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే వెనుక వాల్వు పని మిగిలే ఉంది. వదులు కంకర మీద ఆగే దూరం పెరిగితే కంగారు పడనక్కరలేదు. బిగుసుకున్న చక్రం ముందు పోగయ్యే కంకర కుప్ప ఏబీఎస్ వల్ల ఏర్పడదు, కొత్త కార్లలోనూ అంతే. ఈ పరీక్షలయ్యాక ఒకసారి మళ్లీ బ్లీడ్ చేసి, పైపుల ప్రతి నట్టునూ కాగితంతో తుడిచి తడి ఉందేమో చూడాలి.

బ్రేకు మార్పును తనిఖీ అధికారికీ బీమా సంస్థకూ తెలియజేయాలని చాలా దేశాల నిబంధనలు కోరతాయి. పని మొదలుపెట్టకముందే కనుక్కుంటే ఏ ఫొటోలు, ఏ రసీదులు దాచాలో తెలుస్తుంది. ఒక కాగితం మీద దాత కారు మోడలు, సంవత్సరం, మాడ్యులేటరు భాగసంఖ్య, పళ్ల సంఖ్య, నాలుగు సెన్సర్ల సందు కొలతలు, ఫ్యూజుల చోటు, డయాగ్నోస్టిక్ సాకెట్ దాచిన మూల రాసి గ్లవ్ బాక్సులో ఉంచాలి. బేరింగు సర్దిన ప్రతిసారీ ఆ సందు కొలతలను తిరిగి చూసి, కొత్త తేదీతో అదే కాగితం మీద రాయాలి.